గూటి తలుపు తీసిన రోజు

గింజల డబ్బా మూత తీసే ముందు అతను గూటి గొళ్ళేన్ని మరోసారి తడిమి చూసుకున్నాడు. వేసే ఉంది. దాని కింద రెండో గొళ్ళెం, ఆ రెండిటినీ కలిపి మెలిపెట్టిన ఇనుపతీగ, అన్నీ పడుకునే ముందు ఎలా వదిలాడో అలాగే ఉన్నాయి. లోపల కోళ్ళు నాలుగూ వల కంతల్లోంచి ముక్కులు బయటపెట్టి అతని చేతి వంకే చూస్తున్నాయి.

రోజూ రెండు గుప్పిళ్ళు పోసి, నీళ్ళ గిన్నె కడిగిపెట్టి పనికి పోతాడు. ఇవాళ దోసిళ్ళతో పోశాడు. అవి తినేశాక మళ్ళీ పోశాడు. ఇక చాలని అవి ఒళ్ళు దులుపుకుని పక్కకి జరిగినా, వంగి వల సందులోంచి ఇంకాస్త జారవిడిచాడు. కడుపు నిండితే అవి దూరం పోవని అతని నమ్మకం. నిద్రపట్టక దొర్లుతూ, ఆలోచించి ఆలోచించి కనిపెట్టిన ఉపాయం అది.

డబ్బా లోపల పెట్టేసి వచ్చేసరికి అక్క వెనక గుమ్మంలో నిలబడి జుట్టు ముడేసుకుంటోంది.

"ఇవాళ వదులుదామనుకుంటున్నా వీటిని," అన్నాడు గూటి వైపే చూస్తూ.

అక్క చేతులు జుట్టులోనే ఆగిపోయాయి. "నిజంగానే?"

"ఊఁ."

"జ్వరం గిరం ఏమన్నా వచ్చిందేంట్రా నీకు?"

అతను నవ్వలేదు. తీగ మెలి విప్పుతుంటే వేళ్ళు మాట వినడం లేదు. తను చుట్టిన తీగే తనకి లొంగలేదు. చివరికి అక్క వచ్చి వేలి కొనలతో దాన్ని ఇట్టే లాగి పారేసింది.

ఆ కోళ్ళు అక్కవి. ఆమె పురుళ్ళ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. పని మానే రోజున తోటివాళ్ళు నీకేం కావాలని అడిగితే, కోడిపెట్టలు కావాలంది. వాళ్ళు నవ్వుకుంటూనే బుట్టలో పెట్టి ఇచ్చారు. బొద్దుగా ఉండి అందర్నీ పొడిచే నల్లదానికి అత్తగారు అని పేరు పెట్టింది. ఒకదాన్నొకటి ఓర్చుకోలేని ఎర్రవి రెండూ తోడికోడళ్ళు. ఎప్పుడూ ఓ మూల బెరుగ్గా నిలబడి, అందరూ తిన్నాక మిగిలింది ఏరుకునే బూడిదరంగుది చుట్టం.

గూడు మాత్రం అతను కట్టాడు. వల రెండు వరసలు, పైన రేకు, రేకు ఎగిరిపోకుండా రాళ్ళు. "ఇది గూడా, జైలా?" అంది అక్క చూసి. కాసేపు పెరట్లో తిరగనియ్యమని అప్పట్నించీ అడుగుతూనే ఉంది. అతను గద్ద అన్నాడు. పిల్లి అన్నాడు. పక్కింటి గోడ పొట్టిగా ఉందన్నాడు. వాన వచ్చేలా ఉందన్నాడు, వాన లేని రోజున ఎండ మండిపోతోందన్నాడు.

అసలు భయం ఏంటో చెప్పలేదు. చెప్పకపోయినా అక్కకి తెలుసు. ఆ పందెం కట్టింది ఆమే కదా.

ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన పెద్ద నర్సు ఇప్పుడు వేరే ఊళ్ళో, సముద్రం పక్కన, బాలింతలు ఉండి కోలుకోవడానికి చిన్న విడిది ఒకటి నడుపుతోంది. వచ్చి నా దగ్గరుండు, పసిపిల్లలకి నీళ్ళుపోసే చెయ్యంటే నీదే అని పిలుస్తూనే ఉంది. అక్కకి వెళ్ళాలని మనసు పీకుతోంది. తమ్ముణ్ణి వదిలి కదల్లేకపోతోంది. ఒకసారి విసుగొచ్చి తేల్చి చెప్పింది.

"ఒక్క రోజు ఆ కోళ్ళని వదులు. సాయంత్రానికి నాలుగూ గూట్లో ఉంటే నేను వెళ్తా. బయటికెళ్ళినవి తిరిగొస్తాయని అప్పటికి నువ్వే చూసుంటావు. ఒక్కటి తగ్గినా సరే, ఇక ఆ ఊరి మాట ఎత్తను."

అందుకే గూటి తలుపు అన్నాళ్ళూ తెరుచుకోలేదు.

మొన్న పెద్ద నర్సు ఫోను చేసి, ఈ వారంలో రాకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానంది. "అలాగే చెయ్యి తల్లీ, నీకూ సాయం కావాలిగా," అని అక్క ఫోను పెట్టేసింది. అప్పట్నించీ కోళ్ళని వదలమని అడగలేదు. తిట్టలేదు, అలగలేదు. అన్నం ఎప్పటిలాగే వడ్డించింది. అడగడం మానేసింది, అంతే. అడిగినన్నాళ్ళూ అతనికి ఉన్న భయం ఒక ఎత్తు, ఆ మౌనంతో పట్టుకున్న భయం ఒక ఎత్తు.

తలుపు బార్లా తెరిచాడు. ఒక్క కోడీ కదల్లేదు.

"చూశావా, వాటికే ఇష్టం లేదు," అన్నాడు ఆశగా.

"వాకిలికి అడ్డంగా స్తంభంలా నిలబడితే ఎట్లా వస్తాయిరా? పక్కకి జరుగు."

జరిగాడు. అత్తగారు మెడ బయటపెట్టి అటూ ఇటూ చూసింది. ఒక కాలు ఎత్తి, ఆ కాలిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచి, మెల్లగా మట్టి మీద ఆనించింది. వెంటనే తోడికోడళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడ్డాయి. చుట్టం గుమ్మంలోనే నిలబడిపోయింది. దాని కళ్ళలోకి చూశాడు. దాని భయం అతనికి తెలిసిన భయంలాగే ఉంది.

"వెళ్ళరా పనికి, నేను చూస్తూ ఉంటాగా," అంది అక్క, వెనక మెట్టు మీద కూర్చుంటూ.

వెళ్ళాడు. సందు చివరిదాకా పోయి వెనక్కొచ్చి, వీధి తలుపు వేశాడో లేదో చూసుకుని మళ్ళీ వెళ్ళాడు. బస్టాండు ముందునించి పోతే దగ్గర. అతను ఆ దారిన ఎప్పుడూ నడవడు. ఊరి వెనకనించి చుట్టు తిరిగి పోతాడు.

అతని పని పళ్ళు నిలవుంచే కోల్డు స్టోరేజీలో. పెద్ద పెద్ద గదులు, మనిషి చేతికంటే మందమైన తలుపులు. పెట్టెలు లోపలికీ బయటికీ పోతుంటే తలుపులు తియ్యడం, వెయ్యడం, చలి బయటికి పోకుండా కనిపెట్టుకుని ఉండడం. వేసిన తలుపుని రెండుసార్లు లాగి చూడనిదే అక్కణ్ణించి కదలడు కాబట్టి అందరూ అతన్ని గొళ్ళెం అంటారు. జీతాల గుమాస్తాక్కూడా అసలు పేరు వెంటనే గుర్తురాదు. అతనికి ఆ పేరంటే కోపం లేదు. పైగా కాస్త గర్వం. ఒకప్పుడు ఒక సంబంధం వస్తే, పిల్లని చూడ్డానికి వెళ్ళి, ఇంటికి తాళం వేశామా లేదా అన్న అనుమానంతో మధ్యలో లేచి వచ్చేశాడు. తాళం వేసే ఉంది. ఆ సంబంధం మాత్రం తప్పిపోయింది.

ఇవాళ అతని ఒళ్ళు ఇక్కడుంది, మనసు పెరట్లో ఉంది. ఇప్పుడు గద్ద తిరుగుతూ ఉంటుంది. అక్క ఏ నీళ్ళకో లోపలికి వెళ్ళి ఉంటుంది. సరిగ్గా అప్పుడే గోడ మీద పిల్లి. అనుకున్నకొద్దీ ఒక్కొక్కటీ కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. తలుపులు వేసుకుంటూ పోతున్నాడు, లాగి చూస్తున్నాడు, ముందుకి పోతున్నాడు.

ఎక్కడో గంట మోగుతోంది. చాలాసేపట్నించీ మోగుతోందని తర్వాత తెలిసింది. అది చలిగది లోపలనించి కొట్టే గంట. పరుగెత్తి గొళ్ళెం ఎత్తాడు. కుళ్ళిన పళ్ళు ఏరే ఆవిడ లోపలనించి బయటికొచ్చింది. పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. శాలువా ముక్కుదాకా లాక్కుంది.

"నన్ను కూడా నిలవ పెట్టేద్దామనుకున్నావా అన్నా? వచ్చే సీజనుకి తీద్దామనుకున్నావా?"

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో పోల్చుకోలేకపోయాడు. అతని మొహం చూసి ఆమే భయపడి, "నాకేం కాలేదులే, కూర్చో ముందు," అంది. తన వాటా టీ అతనికే ఇచ్చేసింది.

సూపర్‌వైజరు వచ్చి విషయం విన్నాడు. "గొళ్ళెం, ఇన్నేళ్ళలో నీ మీద ఒక్క మాట రాలేదు. ఏమైంది?"

"కోళ్ళని వదిలానండీ."

సూపర్‌వైజరు అతన్ని కిందనించి పైదాకా చూసి, "ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. వీధి తలుపు తోసి, చెప్పులైనా విప్పకుండా వెనక్కి పరిగెత్తాడు. అక్క మెట్టు మీదే ఉంది. పెరట్లో అత్తగారు మట్టిలో పక్కకి పడిపోయి ఉంది. కాళ్ళు కొట్టుకుంటోంది, రెక్కలు బారజాపి గిలగిల్లాడుతోంది, కళ్ళు సగం మూతలు పడ్డాయి.

"అక్కా, పోతోంది అది, నీళ్ళు తే," అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "స్నానం చేస్తోందిరా పిచ్చోడా. కోళ్ళు మట్టితోనే ఒళ్ళు రుద్దుకుంటాయి. నీ జైల్లో మట్టి ఎక్కడిది, ఇన్నాళ్ళకి దొరికింది పాపం దానికి."

అత్తగారు లేచి, ఒళ్ళు దులిపి మట్టంతా అతని మొహాన కొట్టి పోయింది. తోడికోడళ్ళు రెండూ కలిసి ఒకే గుంట తవ్వుతున్నాయి. గూట్లో ఉన్నన్నాళ్ళూ పొడుచుకున్నవి, పక్కపక్కనే. చుట్టం గోడవార గడ్డిలో ఒక్కతే అడుగు తీసి అడుగు వేస్తోంది. అక్క వాటిని చూస్తున్న తీరు అతను చూశాడు. ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తుకి రాలేదు. లోపల మంచం మీద ఆమె బ్యాగు సర్ది ఉంది. దాన్నీ చూశాడు.

ఆకాశంలో గద్ద ఒకటి తిరిగినంతసేపూ అతను చేతులు పైకెత్తి పెరడంతా పరుగులు పెట్టాడు. అది పోయింది. గోడ అవతల పక్కింటాయన తల కనపడింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి మానేశాడు, ఇప్పుడు కూరగాయలు పెంచుతున్నాడు.

"ఏమయ్యా గొళ్ళెం, మీ అత్తగారూ కోడళ్ళూ మధ్యాన్నం టిక్కెట్టు లేకుండా మా గోడ దాటారు. దింపేశాను. ఇంకోసారైతే జరిమానా వేస్తా."

"తోలెయ్యండి బాబాయ్, తోలెయ్యండి," అన్నాడు అతను చేతులు జోడించినంత పని చేస్తూ.

పొద్దు వాలింది. డబ్బా తెచ్చి గింజలు గలగలలాడించాడు. గూట్లో ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే వల చీల్చుకుని వచ్చేలా ఎగబడేవి. ఇప్పుడు ఒక్కటి తలెత్తలేదు. మళ్ళీ ఆడించాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆడించాడు. అవి వాటి పని చూసుకుంటున్నాయి. రావు, ఇక రావు అనుకున్నాడు. చెమటతో డబ్బా చేతిలో జారిపోతోంది.

వెలుగు ఇంకా తగ్గేసరికి, ఎవరూ పిలవకుండానే, అత్తగారు గూటి వైపు నడిచింది. వెనకాల ఎర్రవి రెండూ. వంగి లోపలికి దూరి, అడ్డంగా కట్టిన దండె మీదికెక్కి సర్దుకున్నాయి. అతనికి నమ్మబుద్ధి కాలేదు. దగ్గరికెళ్ళి చూశాడు.

చుట్టం లేదు.

గడ్డిలో లేదు. బట్టలుతికే రాయి వెనకాల లేదు. అతను గోడ దూకి కండక్టరుగారి పెరట్లోకి దిగాడు. పాదుల కింద చూశాడు, బొప్పాయి చెట్టు చుట్టూ తిరిగాడు. నీళ్ళ ట్యాంకు వెనక, గోడకీ ట్యాంకుకీ మధ్య ఉన్న ఇరుకు సందులో, చిన్న మెరుపు కనపడింది. కన్ను. చుట్టం ఒళ్ళంతా ముడుచుకుని కూర్చుని ఉంది. మసకలో దానికి దారి తెలియలేదు. ఉన్నచోటే ఆగిపోయింది.

"కనపడిందా?" అక్క గొంతు గోడ అవతలనించి.

అతను నోరు తెరిచాడు.

"లేదక్కా."

"సరేలే, వచ్చెయ్. చీకటి పడుతోంది, కాళ్ళకేదన్నా గుచ్చుకుంటుంది," అంది. అంతే అంది.

గోడ మీదనించి చూస్తే వాళ్ళ గది కిటికీ కనపడుతుంది. అక్క దీపం వేసింది. మంచం మీద కూర్చుని బ్యాగు తెరిచింది. మడతలు పెట్టిన బట్టలు ఒక్కొక్కటే తీసి అలమరలో సర్దుతోంది, ఏదీ విసరకుండా, ప్రతిదాన్నీ చేత్తో సాపు చేస్తూ. అక్క ఎక్కడికీ పోదు. రేపూ ఇక్కడే ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. హాయిగా ఊపిరి తీసుకోవాలి. తీసుకోబోయాడు. రాలేదు.

పాదుల్లో ఎక్కడో ఆకులు కదిలాయి. పిల్లి కావచ్చు. ట్యాంకు వెనకాల చిన్న చప్పుడైనా లేదు.

అతని చిన్నప్పుడు నాన్న వాళ్ళిద్దర్నీ బస్టాండులో బల్ల మీద కూర్చోబెట్టి, ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తానన్నాడు. అక్క అతని మణికట్టు పట్టుకుని కూర్చుంది. దాహమేసినా లేవలేదు, నాన్న వచ్చి వెతుక్కుంటాడని. మధ్యాన్నమైంది, సాయంత్రమైంది. నాన్న మొహం అతనికి ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నది కాళ్ళు. బల్ల ముందునించి పోయిన కాళ్ళు. కొన్ని ఆగేవి. పైనించి ఎవరో వంగి చూసేవాళ్ళు, చూసి, మళ్ళీ నడిచిపోయేవాళ్ళు. చీకటి పడ్డాక, బస్టాండు ఊడ్చే ఆవిడ చీపురు కింద పెట్టి వాళ్ళ పక్కన కూర్చునేదాకా, అన్నీ అలా పోయిన కాళ్ళే.

అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు. సందుకి ఎదురుగానే ఉన్నాయి.

భుజం గోడకి ఒరుసుకుపోతుంటే చెయ్యి సందులోకి చాపాడు. చుట్టం అరవలేదు. వేళ్ళకి తగిలిన ఒళ్ళు వెచ్చగా, అదురుతూ ఉంది. "నేనే, నేనే," అంటూ లాగి, చొక్కా బొత్తాలు విప్పి లోపల పెట్టుకున్నాడు. దాని గుండె అతని గుండెకంటే వేగంగా కొట్టుకుంటోంది. ఆ గోడ మళ్ళీ ఎలా ఎక్కాడో అతనికి తెలియదు.

అక్క చేతిలో ఇంకా ఒక మడత ఉంది. గుమ్మంలో అతన్ని, అతని చొక్కాలోంచి బయటికొచ్చిన బూడిదరంగు తలని చూసింది.

"ట్యాంకు వెనకాల ఉంది," అన్నాడు. "నువ్వు అడిగినప్పుడే కనపడింది."

అక్క మడత మంచం మీద పెట్టి, వచ్చి కోడిని రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని మెడ కింద వేళ్ళతో నొక్కి చూసి తల ఎత్తింది.

"పొద్దున్న వీటికి ఎంత పెట్టావురా? మేత సంచి రాయిలా ఉంది."

"దూరం పోకుండా ఉంటాయని..."

"ఆకలుంటేనే కదా డబ్బా చప్పుడుకి వచ్చేది. కడుపులు నింపి పంపి, రమ్మంటే ఎందుకొస్తాయి? నాదే తప్పు, వదిలే రోజు పస్తుంచాలని చెప్పలేదు." చుట్టం వీపు నిమిరింది. "నాలుగూ వచ్చినట్టేనా మరి?"

దానికి జవాబు చెప్పగలిగింది అతనొక్కడే. అక్క అతని నోటి వంకే చూస్తోంది.

"వచ్చాయి," అన్నాడు.

ఆమె చుట్టాన్ని దండె మీద పెట్టి వచ్చి, అలమరలో సర్దిన బట్టలు మళ్ళీ బ్యాగులోకి తీసింది. అతను పక్కన నిలబడి ఒక్కొక్కటీ అందించాడు.

"ఇవాళే వెళ్ళాలా? రేపు పొద్దున్న వెలుగులో..."

"రేపటికి నీకు ఇంకో భయం దొరుకుతుంది." జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంటే వెనక్కి తీసి మళ్ళీ లాగింది. "నాకూ దొరుకుతుంది," అంది చిన్నగా.

పెద్ద నర్సుకి వస్తున్నానని ఫోను చేసి, బస్సుకి ఇంకా టైముందని టీ పెట్టింది. అది తాగేలోపే, గోడ అవతలనించి ప్రయాణం సంగతి విన్న కండక్టరుగారు వీధిలోంచి కేకేశాడు, ఇవాళ బస్సు ముందే వచ్చేసిందంటూ. "రామ్మా, కిటికీ సీటు నేనిప్పిస్తా. ఆ బస్సులో నా మాట ఇంకా చెల్లుతుంది," అని బ్యాగు అందుకున్నాడు.

సందు మలుపుదాకా ముగ్గురూ నడిచారు. అక్కణ్ణించి బస్టాండు దీపాలు కనపడతాయి. అతని అడుగులు వాటంతటవే ఆగిపోయాయి. అక్క కూడా ఆగింది.

"ఇక్కడిదాకా చాల్లే నువ్వు," అంది. అతని కాలరుకి అంటుకున్న మట్టి దులిపింది. "రేపటినించి వాటికి పొద్దున్న పెట్టకు. సాయంత్రం పెట్టు. గుర్తుందా?"

"ఊఁ."

"ఏం గుర్తుంది?"

"సాయంత్రం."

కండక్టరుగారి వెనకాల ఆమె త్వరత్వరగా నడిచింది. మనుషుల మధ్య ఆమె వీపు కాసేపు కనపడింది, తర్వాత ఏది ఆమె వీపో తెలియలేదు. హారను మోగింది. అతను చెవులు మూసుకోలేదు. బస్సు చప్పుడు చిన్నదై, లేకుండా పోయేదాకా గోడకి చెయ్యానించి నిలబడ్డాడు. కాసేపటికి ఇంటికి నడిచాడు.

పెరట్లో కోళ్ళు నిద్రలో చిన్నగా గురగురలాడుతున్నాయి. వెనక మెట్టు మీద, అక్క కూర్చునే వైపు, ఆమె టీ గ్లాసు ఉంది. సగమే తాగింది. మిగిలిన దాని మీద పల్చగా తొరక కట్టింది, గ్లాసు అంచున ఆమె పెదవి ఆనిన చోట మాత్రం తడి ఇంకా ఆరలేదు.